వంటింటి నిప్పు: దొరవారిసత్రం ప్రాంతంలో గృహ అగ్నిప్రమాదాలు, వాటి నివారణ

వంటకు, వెలుతురుకు, పూజకు, దోమల పొగకు మనిషి ఇంట్లోకి తెచ్చుకున్న నిప్పు తన చోటు వదిలి ఇంటినో ఒంటినో పట్టుకుంటే దాన్ని గృహ అగ్నిప్రమాదం అంటారు. ప్రపంచం మొత్తం మీద కాలిన గాయాలతో ఏటా సుమారు 1,80,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో చాలా ఎక్కువ భాగం పేద, మధ్యతరగతి దేశాల వాళ్ళే. ఆడవాళ్ళూ పిల్లలూ కాలేది ముఖ్యంగా వంటింట్లోనే. మంట, కాగే నూనె, గ్యాసు, కరెంటు నాలుగూ ఒకే చిన్న గదిలో పక్కపక్కన ఉండేది అక్కడే మరి.

దొరవారిసత్రం తిరుపతి జిల్లా సూళ్లూరుపేట రెవెన్యూ డివిజనులోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. జాతీయ రహదారి 16, గూడూరు–చెన్నై రైలు దారి దీని మీదుగానే పోతాయి. గూడబాతులు గూళ్ళు కట్టే నేలపట్టు ఈ మండలంలోదే. పులికాట్ సరస్సు అంచున ఉన్న మండలాల్లో ఇదీ ఒకటి. వరి పండించేవాళ్ళు, సరస్సు మీద చేపలు పట్టేవాళ్ళు, శ్రీసిటీకీ నాయుడుపేట ఫ్యాక్టరీలకూ షిఫ్టులకు పోయేవాళ్ళు ఒకే వీధిలో కనిపిస్తారు. అందుకే ఒకే వీధిలో మూడు రకాల వంటిళ్ళు కూడా ఉంటాయి. ఒకరి పెరట్లో కట్టెల పొయ్యి, పక్కింట్లో గ్రానైటు గట్టు మీద గ్యాసు స్టవ్వు, ఆ పక్కన అద్దె గదిలో మంచం కాళ్ళ దగ్గరే చిన్న సిలిండరు.

పాత పూరింటికి నిప్పుతో కలిసి బతకడానికి ఒక కట్టుబాటు ఉండేది. గ్యాసూ కరెంటూ వచ్చినంత త్వరగా వాటికి తగిన కట్టుబాటు ఇంట్లోకి రాలేదు. ఈ ప్రాంతంలో ఇళ్ళలో జరిగే ప్రమాదాల్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలా వరకు సరిపోతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పూరింటి కట్టుబాటు

తాటాకు ఇల్లు నిప్పుకు ఎంత లోకువో అందులో ఉండేవాళ్ళకు తెలుసు. అందుకే వీలున్నవాళ్ళు వంటపాకను ఇంటికి దూరంగా, విడిగా వేసుకునేవాళ్ళు. పొయ్యి చుట్టూ మట్టి గోడ లేపి అలికేవాళ్ళు. అలుకు అందం కోసమే కాదు, మట్టి పూసిన తడికె అంత సులువుగా అంటుకోదు. వంట అయ్యాక కట్టెలు వెనక్కి లాగి, కొనల మీద నీళ్ళు చిలకరించి, నిప్పుల మీద బూడిద కప్పేవాళ్ళు. తెల్లారి పొయ్యి ఊడ్చిన బూడిదలో చెయ్యి పెట్టి చూశాకే దాన్ని పెంటకుప్పలో పోసేవాళ్ళు. పైకి చల్లారినట్టు కనిపించే బూడిద లోపల నిప్పురవ్వ గంటల తరబడి బతికే ఉంటుంది. గాలి తగిలితే లేస్తుంది.

గాలి లెక్క కూడా వాళ్ళకు బాగా తెలుసు. ఈ తీరంలో కత్తిరి ఎండల నాళ్ళలో పొద్దున పడమటి వేడిగాలి, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి. జూన్, జూలైల్లో పడమర గాలి మరీ బలంగా వీస్తుంది. గాలి లేవకముందే అన్నం కూర దించేసుకోవడం ఆ రోజుల్లో ఇల్లాలి పనిలో ఒక భాగం. ఒక ఇల్లు అంటుకుంటే ఊరి మగవాళ్ళు ముందు పరుగెత్తేది గాలివాలు ఇంటి వైపు. దోట్లతో ఆ ఇంటి కప్పు లాగి పారేసి, పక్క కప్పుల మీద తడిపిన గోనెసంచులు పరిచి, మంటకు దొరక్కుండా ఖాళీ చోటు చేసేవాళ్ళు. కాలుతున్న ఇంటిని వదిలేసి కాలని ఇంటి కప్పు పీకడం చూసేవాళ్ళకు వింతగా ఉండొచ్చు కానీ, అడవి మంటల్ని ఆపేవాళ్ళు ఈనాటికీ చేసేది అదే.

ఇంటికి ఆగ్నేయ మూలన వంటిల్లు ఉండాలన్న వాస్తు మాట ఇక్కడ గట్టిగా పాటిస్తారు. పడమర గాలి వీచే నెలల్లో ఆ మూల నుంచి లేచే రవ్వ ఇంటి మీద పడకుండా బయటికి పోతుంది. అదే మూల మధ్యాహ్నం సముద్రపు గాలికి ఎదురుగా కూడా ఉంటుంది. కిటికీ పక్కన స్టవ్వు పెట్టుకున్న ఇళ్ళలో సన్నని మంట మీద పాలు పెట్టి అవతలికి పోతే గాలికి మంట ఆరిపోయి గ్యాసు వస్తూనే ఉండే ప్రమాదం ఉంది. వంటిల్లు ఏ మూలన ఉన్నా గాలి వచ్చే కిటికీకీ బర్నరుకూ మధ్య ఒక అడ్డు ఉండాలి.

గ్యాసు బండ

ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో గ్యాసు బాగా వ్యాపించింది 1999లో మొదలైన దీపం పథకంతో. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు కనెక్షను డిపాజిట్టు ప్రభుత్వం కట్టింది. 2016 మే 1న కేంద్ర ప్రభుత్వం ఉజ్వల పథకం తెచ్చింది. 2024 నవంబరులో రాష్ట్రం దీపం-2 పేరుతో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. పొగతో కళ్ళు, ఊపిరితిత్తులు పాడు చేసుకున్న తరం తర్వాత వచ్చిన తరానికి ఇది నిజమైన మేలు. కిరసనాయిలు పంపు స్టవ్వులు పోవడంతో అవి పేలి జరిగే ఘోరాలు కూడా చాలా వరకు పోయాయి. అయితే పొయ్యి వాడకం అమ్మ దగ్గర చూసి నేర్చుకున్నది. బండ వాడకం మాత్రం తెచ్చి బిగించిన కుర్రాడు రెండు నిమిషాల్లో చెప్పి వెళ్ళినంతే.

ఇంటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. ప్రొపేను, బ్యూటేను వాయువులు ఒత్తిడికి ద్రవంగా మారి లోపల ఉంటాయి. బయటికి వస్తే ఆ ద్రవం సుమారు 250 రెట్లు ఉబ్బి వాయువవుతుంది. ఇది గాలి కంటే దాదాపు రెట్టింపు బరువు. పొగలా పైకి పోదు, నీళ్ళలా నేల మీద పరుచుకుంటుంది. గడప దాటి పక్క గదిలోకి పాకుతుంది, మంచం కింద చేరుతుంది. దీనికి సొంత వాసన దాదాపు లేదు. లీకయితే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే కుళ్ళు వాసన పదార్థాన్ని కలుపుతారు. ముక్కు ఏ వాసనకైనా కాసేపటికి అలవాటు పడుతుంది. వంటింట్లోనే పడుకున్నవాళ్ళకు ఆ వాసన తెలియకపోవడం, బయటి నుంచి వచ్చినవాళ్ళు గడపలోనే పసిగట్టడం అందుకే.

పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటిల్లు ఒకటి తీసుకుందాం. అందులో పట్టే గాలి సుమారు 22 ఘనపు మీటర్లు. గాలిలో గ్యాసు దాదాపు 2 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. అంటే ఈ గదికి అర ఘనపు మీటరు కంటే కొంచెం తక్కువ గ్యాసు చాలు. తూకంలో అది ఒక కిలో. ఇప్పుడు రాత్రి పది గంటలకు పాలు పొంగి మంట ఆరిపోయిందనుకుందాం. స్టవ్వు చెవి తిప్పే ఉంది, ఎవరూ చూడలేదు. ఒక బర్నరు గంటకు సుమారు 150 గ్రాముల గ్యాసు వదులుతుంది. తెల్లవారి అయిదు గంటలకు ఇంటావిడ టీ పెడదామని లేచేసరికి ఆ గదిలోకి వచ్చిన గ్యాసు ఒక కిలో పైచిలుకు. తలుపు తెరిచి, అలవాటు ప్రకారం గోడ తడిమి లైటు స్విచ్చి వేస్తుంది. స్విచ్చి లోపల కంటికి కనిపించని చిన్న రవ్వ పుడుతుంది. గ్యాసు నేల దగ్గర చిక్కగా ఉంటుంది కనుక నిజానికి ఒక కిలో దాకా కూడా అక్కర్లేదు.

ఇలాంటి ప్రమాదాన్నే మర్నాడు పేపర్లో "సిలిండరు పేలింది" అని రాస్తారు. చాలా సందర్భాల్లో బండ చెక్కుచెదరకుండా ఉంటుంది. పేలింది గది. బండ తానుగా పేలాలంటే చుట్టూ పెద్ద మంట లేచి దాన్ని బాగా కాల్చాలి. ఈ తేడా మాటల కోసం కాదు. సిలిండరే పేలుతుందని నమ్మినవాళ్ళు బండను చూసి భయపడతారు, రాత్రి రెగ్యులేటరు కట్టెయ్యడం మాత్రం మరిచిపోతారు. పడుకునే ముందు స్టవ్వు చెవులతో పాటు బండ మీది రెగ్యులేటరు కూడా కట్టేస్తే పైన చెప్పిన కథ మొదలే కాదు. పూరింటి ఇల్లాలు పొయ్యి మీద బూడిద కప్పి పడుకున్నట్టే ఇది కూడా.

గ్యాసు వాసన వస్తే చేతులు చెయ్యాల్సిన పని కంటే చెయ్యకూడని పని ముఖ్యం. ఏ స్విచ్చీ వెయ్యకూడదు, వేసి ఉన్నది తియ్యకూడదు కూడా. ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే గ్యాసు పోతుందనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. దేవుడి దగ్గర దీపం వెలుగుతుంటే ఆర్పాలి. రెగ్యులేటరు కట్టి, ఊడదీసి, బండకు దాని ప్లాస్టిక్ మూత బిగించి, తలుపులు కిటికీలు బార్లా తెరిచి అందరూ బయటికి రావాలి. ఫోను కూడా బయటికి వచ్చాకే తియ్యాలి. గ్యాసు లీకేజీకి దేశమంతటా 1906 నంబరు రేయింబవళ్ళు పనిచేస్తుంది.

ట్యూబు, వాషరు, ఉప్పు గాలి

బండ నుంచి స్టవ్వుకు పోయే రబ్బరు ట్యూబు ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే బలహీనమైన ముక్క. ఐఎస్ఐ గుర్తు ఉన్న, లోపల తీగ అల్లిన సురక్ష ట్యూబునైనా అయిదేళ్ళకు ఒకసారి మార్చాలి. దాని మీద తయారీ తేదీ అచ్చు వేసి ఉంటుంది. సంతలో చవగ్గా దొరికే పచ్చ ట్యూబులు వేడికి గట్టిపడి పగులుతాయి, ఎలుకలు కొరుకుతాయి. ట్యూబుకు నూనె జిడ్డు పడుతోందని దానికి గుడ్డ చుట్టేవాళ్ళున్నారు. చుడితే లోపలి పగులు కంటికి కనిపించదు. స్టవ్వు బండ కంటే ఎత్తులో ఉండాలి, ట్యూబు బర్నరు కింద నుంచి పోకూడదు, బండ ఎప్పుడూ నిలబడే ఉండాలి. గట్టు కింద చెక్క తలుపుల అరలో బండ పెట్టుకునేవాళ్ళు ఆ తలుపు అడుగున నేలకు ఆనుకుని గాలి కన్నాలు పెట్టించుకోవాలి. పైన పెడితే లాభం లేదు, గ్యాసు కిందికే దిగుతుంది కదా.

కొత్త బండ రాగానే మూత తీసి వాల్వు మీద నాలుగు నీటిచుక్కలు వేసి చూడాలి. బుడగలు వస్తే లోపలి వాషరు పోయినట్టు. ఆ బండ తీసుకోకూడదు. తెచ్చిన మనిషి చేతే ఇది చేయించుకోవడం మన హక్కు. బిగించాక ట్యూబు రెండు చివర్లా సబ్బు నురగ పూస్తే లీకు ఉన్నచోట నురగ ఉబ్బుతుంది. అగ్గిపుల్ల గీసి లీకు చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది ఏ పరిస్థితిలోనూ చెయ్యకూడని పని. బండ మెడ పట్టీ లోపల ఏ, బీ, సీ, డీల్లో ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ ఏప్రిల్ నుంచి జూన్, సీ జూలై నుంచి సెప్టెంబరు, డీ చివరి మూడు నెలలు. అంకెలు సంవత్సరం. ఆ బండను మళ్ళీ పరీక్షకు పంపాల్సిన గడువది. గడువు దాటినదాన్ని వెనక్కి పంపెయ్యాలి.

పులికాట్ ఒడ్డు ఊళ్ళలో వీటన్నిటికీ ఉప్పు గాలి తోడవుతుంది. బండ అడుగు తుప్పు పడుతుంది, స్టవ్వు చెవులు బిగుసుకుపోతాయి, స్టవ్వు కింది పైపు పొరలు పొరలుగా లేస్తుంది. లోపలి ఊళ్ళలో పదేళ్ళు వచ్చే స్టవ్వు ఇక్కడ అన్నాళ్ళు రాదని లెక్క వేసుకోవడం మంచిది. ఏడాదికొకసారి కంపెనీ మెకానిక్కుకు చూపించాలి. ఐఎస్ఐ ట్యూబు, ఐఎస్ఐ స్టవ్వు వాడే రిజిస్టరు వినియోగదారుల ఇళ్ళలో ప్రమాదం జరిగితే పరిహారం కోసం ఆయిల్ కంపెనీలు బీమా తీసుకుని ఉంటాయి. ఈ సంగతి చాలా మందికి తెలియదు.

షిఫ్టు పనివాళ్ళ గదుల్లో కనిపించే చిన్న బండల్లో కొన్ని కంపెనీలు నింపి ఇచ్చే 5 కిలోలవి. వాటితో ఇబ్బంది లేదు. పెద్ద బండ నుంచి దొంగచాటుగా గ్యాసు నింపి అమ్మే చిన్న బండలకు మాత్రం పరీక్షా ఉండదు, సరైన వాల్వూ ఉండదు. నలుగురు పడుకునే తలుపు మూసిన గదిలో అలాంటిది పెట్టుకోవడం ఎంత ప్రమాదమో పైన వేసిన లెక్క చూస్తే తెలుస్తుంది.

బాణలి మీద మూత

నిప్పు బతకడానికి కాలే పదార్థం, వేడి, గాలిలోని ఆక్సిజను మూడూ కావాలి. దొరవారిసత్రం డాబాల మీద నిలబడితే శ్రీహరికోట నుంచి లేచే రాకెట్టు కనిపిస్తుంది. దాని ఘన ఇంధనంలో అమ్మోనియం పెర్‌క్లోరేటు రూపంలో ఆక్సిజను కలిపే ఉంటుంది. అందుకే ఆ మంటకు బయటి గాలితో పని లేదు, ఒకసారి అంటుకుంటే మూత పెట్టి ఆర్పడం కుదరదు. మన వంటింటి మంట అలా కాదు, గదిలో గాలి దొరికితేనే బతుకుతుంది. బాణలిలో మంట లేస్తే మూతతో ఆరిపోయేది ఇందుకే.

చేపల వేపుడు నెల్లూరు సీమ ఇళ్ళలో రోజూ ఉండేదే. నూనె పొగ రావడం మొదలైందంటే అది హెచ్చరిక. సెగ తగ్గించకుండా వదిలేస్తే ఇంకా వేడెక్కి, మంట తగలకపోయినా తనంతట తానే అంటుకుంటుంది. అప్పుడు చాలా మంది చేతికి అందిన చెంబుడు నీళ్ళు పోస్తారు. నీళ్ళు నూనె కంటే బరువు, అడుగుకు పోతాయి. అక్కడి వేడికి క్షణంలో ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది, ఒక గ్లాసు నీళ్ళు 300 లీటర్లకు పైగా ఆవిరన్నమాట. అది మండే నూనెను తుంపరలుగా కప్పు దాకా చిమ్ముతుంది. మొహం, చేతులు కాలేది అప్పుడే. చెయ్యాల్సింది తేలిక. స్టవ్వు కట్టెయ్యాలి, పక్క నుంచి జరిపినట్టు పెద్ద పళ్ళెమో మూతో బాణలి మీదికి తొయ్యాలి, బాణలిని కదిలించకుండా చల్లారేదాకా మూత తియ్యకూడదు. మండే బాణలిని పట్టుకుని పెరట్లోకి పరుగెత్తితే గాలికి మంట మోసేవాళ్ళ మీదికే తిరుగుతుంది. వేపుడు చేసేటప్పుడు బాణలికి సరిపోయే పళ్ళెం ఒకటి చేతికందే దూరంలో పెట్టుకోవడం పదిహేను వందల రూపాయల అగ్నిమాపక సిలిండరు కంటే వంటింటికి ఎక్కువ పనికొస్తుంది.

ఒంటి మీది బట్ట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నైలాను, పాలిస్టరు కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు కూడా కాలుతుంది కానీ అలా అంటుకోదు. కొంగు నడుముకు దోపుకోవడం, జారే చున్నీ తీసి పక్కన పెట్టడం, స్టవ్వు వెనక గోడకు అరలు బిగించకపోవడం ముఖ్యం. వెనకున్న ఉప్పు డబ్బా కోసం మంట మీదుగా చెయ్యి చాపినప్పుడే కొంగు అంటుకునేది. ఒంటి బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడి దొర్లాలి, పక్కనున్నవాళ్ళు నూలు దుప్పటో గోనెసంచో కప్పాలి.

కరెంటు

2025 మే 18న హైదరాబాదు చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో మంటలు లేచి ఎనిమిది మంది పిల్లలతో సహా 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూట్ కారణమని అనుమానించారు. కింద దుకాణాలు, పైన ఇల్లు, ఇరుకు మెట్లదారి ఒక్కటే. మంట కంటే పొగే ఎక్కువ మందిని చంపింది. దొరవారిసత్రంలో అంత ఇరుకు వీధులు లేవు. కానీ దొంగల భయంతో ప్రతి కిటికీకీ ఇనుప గ్రిల్లు బిగించి, వీధి తలుపుకు లోపల తాళం వేసి, తాళంచెవి ఎక్కడో పెట్టుకునే ఇళ్ళు ఈ ప్రాంతంలోనూ కొత్తగా కట్టినవాటిలో చాలా ఉన్నాయి. ఆ తాళంచెవి ఇంట్లో చిన్న పిల్లకు కూడా తెలిసిన ఒకే మేకుకు వేలాడాలి. ఒక కిటికీ గ్రిల్లయినా లోపల నుంచి తెరుచుకునేలా చేయించుకోవాలి.

ఇండక్షను స్టవ్వు సాధారణంగా 2,000 వాట్లు. మన 230 వోల్టుల లైనులో అది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. లైట్లకూ ఫోను ఛార్జర్లకూ పెట్టిన 6 ఆంపియర్ల సాకెట్టుకు అది మోయలేని బరువు. పిన్ను వదులైతే అక్కడ వేడి పుట్టి, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, కాలిన వాసన వస్తుంది. ఆ రంగు కనిపించిన రోజే సాకెట్టు మార్చాలి. సముద్రపు ఉప్పు తేమ స్విచ్చి బోర్డుల్లో రాగి ముక్కల మీద పచ్చటి చిలుము పట్టిస్తుంది. కలయిక సరిగా లేని చోట వేడి పెరుగుతుంది. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని అందులో లావు తీగ చుట్టడం, రోగం చెప్పే నోరు కట్టెయ్యడం లాంటిది. ఫ్యూజు పోవాలి, పోయినందుకే ఇల్లు మిగులుతుంది. మెయిను దగ్గర ఎంసీబీతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే మనిషికి షాకు తగలడం నుంచీ, తడిసిన వైర్ల లీకేజీ వల్ల పుట్టే మంట నుంచీ చాలా వరకు కాపాడుతుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్లు ఈ రహదారి ఊళ్ళలో ఇప్పుడు మామూలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. బ్యాటరీ ఛార్జింగ్ వరండాలో, జనం మెలకువగా ఉన్న వేళ, దానితో వచ్చిన ఛార్జరుతోనే పెట్టాలి. లిథియం బ్యాటరీలో మంట లోపలి రసాయన చర్యతో పుడుతుంది, ఆరినట్టే ఆరి మళ్ళీ లేస్తుంది. దాని దగ్గర ధైర్యం చూపకుండా దూరం జరగడమే తెలివి.

దేవుడి గూట్లో దీపం గురించి ఒక చిన్న సంగతి. నూనె తాగిన వత్తిని ఎలుకలు ఇష్టంగా లాక్కుపోతాయి, వెలుగుతున్న వత్తిని కూడా. చెక్క గూట్లో, పట్టు గుడ్డల పక్కన దీపం వదిలి ఊరికి పోయే అలవాటు ఉన్నవాళ్ళు దీపం చుట్టూ గాజు చిమ్నీ అయినా పెట్టుకోవాలి. దోమల చుట్టను మంచం కింద కాకుండా మట్టి మూకుట్లో పెట్టి దోమతెరకు దూరంగా ఉంచాలి.

ఇంటి చుట్టూ

కోతలయ్యాక గడ్డి వాములు ఇళ్ళ పక్కనే వేస్తారు. ట్రాక్టరు మీద ఎత్తుగా వేసిన గడ్డి వేలాడే కరెంటు తీగలకు తగిలి దారిలోనే అంటుకోవడం కోస్తా జిల్లాల్లో తరచూ జరిగేదే. వాము ఇంటికీ పశువుల కొట్టానికీ దూరంగా, లైను కింద కాకుండా ఉండాలి. సరుగుడు తోపుల్లో రాలిన ఎండు ఆకును పొయ్యిలో రాజేయడానికి ఏరుకొచ్చి వసారాలో పోగు పెడతారు. అది అగ్గిపుల్లకు కాచుకున్నట్టు ఉంటుంది కనుక రెండు రోజులకు సరిపడా మాత్రమే లోపల ఉంచుకోవడం మంచిది.

పడవ కూడా వేటకు పోయినవాళ్ళకు ఇల్లే, అందులోనూ వంట ఉంటుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపలరేవులో ఒక పడవ నుంచి ఇంకో పడవకు మంట పాకి ముప్పైకి పైగా కాలిపోయాయి. వాటిలో డీజిలు, నైలాను వలలు, వంట గ్యాసు బండలు ఉన్నాయి. నైలాను వల మీద పడ్డ ఒక్క నిప్పురవ్వ చాలు. ఒడ్డుకు కట్టిన పడవల మధ్య, పూర్వం వంటపాకకూ ఇంటికీ మధ్య వదిలినట్టే ఖాళీ వదలాలి, కట్టిన పడవలో వంట మానాలి.

ఫైరింజను వచ్చేలోగా

మండలంలో ఏ ఊళ్ళో మంట లేచినా ఫైరింజను సూళ్లూరుపేట వైపు నుంచో నాయుడుపేట వైపు నుంచో రావాలి. రహదారి మీది ఊళ్ళకు త్వరగానే వస్తుంది. పులికాట్ ఒడ్డు సందులకు చేరేసరికి ఆలస్యం తప్పదు. అంతవరకూ ఆ మంటను ఆపే పని ఇంటివాళ్ళదీ ఇరుగుపొరుగువాళ్ళదీనే. 101కు గానీ 112కు గానీ చేసినప్పుడు ఊరి పేరుతో పాటు ఏ గుడి దగ్గర, ఏ చెరువు కట్ట మీద అని గుర్తు చెప్పాలి. ఒక మనిషిని రోడ్డు మీద నిలబెట్టాలి. కరెంటు మెయిను తీసేశాకే నీళ్ళు వాడాలి.

బండ రెగ్యులేటరు దగ్గర మంట లేస్తే ముంచి తీసిన తడి గోనెసంచిని కప్పి చెవి కట్టెయ్యాలి. కట్టడానికి వీలు కాకపోతే ఆ మంటను ఆర్పకూడదు, జనాన్ని దూరంగా తీసుకుపోవాలి. మండుతున్న గ్యాసు అక్కడే ఖర్చవుతుంది. ఆర్పినా ఆగకుండా వచ్చే గ్యాసు గదంతా నిండి ఇంకో మంటకు ఎదురుచూస్తుంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో ఫైరు సిబ్బంది ఊళ్ళలో, బడుల్లో ఈ తడి గోనె పద్ధతిని చేసి చూపిస్తారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలినప్పుడు మంటలు ఆర్పుతూ చనిపోయిన ఫైర్‌మెన్ జ్ఞాపకంగా ఆ వారం జరుగుతుంది. ఆ వారోత్సవాల్లో కుర్చీలో కూర్చుని చూడ్డం కాకుండా ఇంటి నుంచి ఒకరైనా వెళ్ళి ఆ గోనె చేత్తో పట్టుకుని కప్పి రావాలి. ఒకసారి చేసిన చెయ్యి అవసరం వచ్చినప్పుడు వణకదు.

కాలితే

కాలిన చోట ముందు పొయ్యాల్సింది మామూలు కుళాయి నీళ్ళు, ఇరవై నిమిషాల పాటు. ఐసు కాదు, మజ్జిగ కాదు, ఇంకు, టూత్‌పేస్టు, పసుపు, గుడ్డు సొన ఏవీ కాదు. అవి వేడిని లోపలే ఉంచుతాయి, గాయానికి చీము పట్టిస్తాయి, డాక్టరుకు లోతు కనిపించనివ్వవు. ఇరవై నిమిషాలంటే ఎంత సేపో నొప్పితో ఏడుస్తున్న పిల్లను ఎత్తుకున్నవాళ్ళకు తెలుస్తుంది, అయినా ఆపకూడదు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మొలతాడు తీసెయ్యాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టను లాగకూడదు. బొబ్బలు చిదమకూడదు. ఉతికిన నూలు చీర ముక్కను వదులుగా కప్పి, మిగతా ఒళ్ళు చలిపట్టకుండా దుప్పటి చుట్టి 108 పిలవాలి. 2005 ఆగస్టు 15న ఈ రాష్ట్రంలో మొదలైన ఆ బండి ఇప్పుడు ఏ పల్లెకైనా వస్తుంది. మొహం, చేతులు, కీళ్ళు, జననాంగాలు కాలితే, పొగ పీల్చి గొంతు బొంగురుపోతే, అరచెయ్యి కంటే పెద్ద గాయమైతే పల్లె డాక్టరు దగ్గర ఆగకూడదు. నెల్లూరు, తిరుపతి పెద్దాసుపత్రులున్నాయి. దక్షిణం వైపు దాదాపు వంద కిలోమీటర్లలో చెన్నై కీల్పాక్ వైద్య కళాశాల ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక విభాగం ఉంది. బండి ఎక్కేటప్పుడు ఎన్నింటికి కాలిందో, ఎన్నింటిదాకా నీళ్ళు పోశారో ఒక కాగితం మీద రాసి వెంట పంపాలి. డాక్టరు మొదట అడిగే రెండు ప్రశ్నలు అవే.